మీర్‌పేట్ స్కిల్లు, జేబుకు చిల్లు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇరవై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ అనుభవంతో ఒట్టేసి చెబుతున్నాను, మన పిల్లలు సంభావ్యత పాఠం చదవరు. ఛాయిస్‌లో వదిలేస్తారు. "52 ముక్కల పేకలోంచి రెండు తీస్తే రెండూ ఆసులే కావడానికి అవకాశం ఎంత?" అని బోర్డు మీద రాయడం ఆలస్యం, వెనక బెంచీలు ఖాళీ. అలా ఖాళీ చేసినవాళ్లలో ఒకడు ఇప్పుడు మీర్‌పేట్‌లో మా వెనక గల్లీలోనే ఉంటాడు. ఇన్నేళ్లకు మళ్లీ ఆ లెక్క దగ్గరికే వచ్చాడు. అప్పుడు వాళ్ల నాన్న ఏడాదికోసారి ఫీజు కట్టేవాడు, ఈమధ్య దాకా వీడు రాత్రికోసారి కట్టాడు.

గల్లీలో వాణ్ణి అందరూ ప్రొఫెసర్ అంటారు. పోకర్ మీద వాడు చేసే ప్రసంగం వింటే మీరూ అంటారు.

"గిది జూదం కాదు సార్. దిమాక్ ఆట. ముప్పై శాతం ముక్కలు, డెబ్బై శాతం సైకాలజీ. ఎదుటోని మొకం జూస్తే చాలు, వాని చేతుల ఏమున్నదో చెప్త."

"మొహం ఎక్కడ చూస్తావురా?"

"ఫోన్‌ల సార్."

ఫోన్‌లో ఎదుటివాడి మొహం ఎలా ఉంటుందో కూడా చూపించాడు. గుండ్రటి గీతలో ఒక సింహం బొమ్మ, కింద ఏదో రాజుగారి పేరు, పక్కన రెండు అంకెలు. మా ప్రొఫెసర్ ఆ సింహం మనస్తత్వాన్ని రోజూ రాత్రి పదకొండు నుంచి రెండు దాకా అధ్యయనం చేసేవాడు. సింహం తొందరగా పందెం వేస్తే భయపడుతోందట, ఆలస్యంగా వేస్తే నటిస్తోందట. సింహం ఇంట్లో వైఫై సరిగా రావడం లేదేమో అన్న మూడో అవకాశం వాడి మనశ్శాస్త్రంలో లేదు.

వాడు చెప్పేదంతా అబద్ధమైతే నాకీ వ్యాసంతో పనే లేదు. బాధేమిటంటే అందులో నిజం ఉంది. పోకర్‌లో నైపుణ్యం ఉంది, సందేహమే అక్కర్లేదు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు, నాలుగుసార్లు పందెం. ముక్కలు మంచివి కాకపోయినా పందెం పెంచి ఎదుటివాణ్ణి పారిపోయేలా చేయవచ్చు. రమ్మీ లాంటి పేకాటలకూ దీనికీ తేడా అదే. ఎన్నిసార్లు బొంకాలి, ఎప్పుడు బొంకాలి అన్నదానికి కూడా లెక్క ఉందని జాన్ వాన్ న్యూమన్ అనే మహా గణితవేత్త 1928లో మొదలుపెట్టి, 1944లో ఆర్థికవేత్త మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి పెద్ద పుస్తకమే రాశాడు. బొంకుకు గణితం పుట్టించిన ఆ మహానుభావుడు మా క్లాసులో ఉంటే ముందు బెంచీలో కూర్చునేవాడు. మా ప్రొఫెసర్ కూర్చున్న బెంచీ సంగతి ముందే చెప్పాను.

బోర్డు మీది లెక్కకు జవాబు 221లో ఒకటి. అంటే రెండు ఆసులు చేతికి రావాలంటే సగటున 221 ఆటలు కాచుక్కూర్చోవాలి. ఆ కాచుక్కూర్చోవడం పేరే నైపుణ్యం. తొమ్మిది మంది కూర్చున్న బల్ల దగ్గర గట్టి ఆటగాడు పదిసార్లు ముక్కలు వస్తే ఏడెనిమిదిసార్లు మారుమాట లేకుండా పడేస్తాడు. పోకర్ విద్యలో ముప్పాతిక వంతు పడేయడమే. మా ప్రొఫెసర్‌కు ఆ విద్యలో అన్నీ వచ్చు, పడేయడం తప్ప. ఆఠీను రెండు, ఇస్పేటు ఏడు వచ్చినా వాడికి అందులో భవిష్యత్తు కనిపిస్తుంది. "అప్పుడప్పుడు గిట్లాంటియే ఆడాలె సార్, ఎదుటోడు కన్ఫ్యూజ్ అయితడు" అంటాడు. ఎదుటి సింహం కన్ఫ్యూజ్ అయిన దాఖలా ఇంతవరకు లేదు. బ్యాంకు వాళ్లు మాత్రం ఇంత జీతం ఎటు పోతోందా అని కన్ఫ్యూజ్ అవుతున్నారు.

2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక పోటీ జరిగింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు వృత్తి ఆటగాళ్లను ఓడించింది. దానికి మొహం లేదు, చదవడానికి. కళ్లు లేవు, ఎదుటివాడి మొహం చూడటానికి. మా ప్రొఫెసర్ చెప్పే డెబ్బై శాతం సైకాలజీ దాని దగ్గర సున్నా. అయినా గెలిచింది. అంతకన్నా గట్టిగా పట్టుకోవలసిన అంకె ఇంకొకటుంది. ఆ పోటీలో ఆడిన ఆటలు 1,20,000. ఇరవై రోజులు ఆడారు. అన్ని ఆడితే గానీ గెలుపు నైపుణ్యం వల్లా, ముక్కల పుణ్యం వల్లా అని తేల్చలేమని వాళ్ల లెక్క. పోకర్‌లో నైపుణ్యం ఉందనేవాళ్లు ఈ అంకెను గొప్పగా చూపిస్తారు. నాకు మాత్రం మా ప్రొఫెసర్ జీతం గుర్తొస్తుంది. ఒకటో తారీఖున పడుతుంది, నలభై ఆటలకు అయిపోతుంది. నైపుణ్యం బయటపడటానికి ఇంకా 1,19,960 ఆటలు మిగిలి ఉండగానే వాడి భార్య తాళంచెవి దాచేస్తుంది.

పోనీ, మీర్‌పేట్‌లోనే ఆరుగురు వాన్ న్యూమన్లు దొరికారనుకుందాం. సమానమైన తెలివి, సమానమైన ఓర్పు. తలా అయిదు వేలతో ఫోన్‌లో కూర్చున్నారు. మొత్తం ముప్పై వేలు. ఒక్కో ఆటలో వెయ్యి రూపాయలు పోగవుతాయి, అందులో అయిదు శాతం ఆడించేవాడు కోసుకుంటాడు, యాభై రూపాయలు. గంటకు నలభై ఆటలు, రెండు వేలు. పదిహేను గంటలయ్యేసరికి ఆరుగురు మహామేధావుల దగ్గరా కలిపి ముప్పై పైసలు కూడా ఉండవు. ఆడించేవాడు ఆ పదిహేను గంటలూ ఒక్క ముక్క పట్టుకోలేదు, ఎవరి మొహమూ చదవలేదు, బహుశా నిద్రపోతున్నాడు కూడా. దీనికి తోడు 2023 అక్టోబరు 1 నుంచి కేంద్రం ఆట డిపాజిట్ల మీద 28 శాతం జీఎస్టీ పెట్టింది. వంద రూపాయలు వేస్తే ఆట దాకా చేరేది 78 రూపాయల చిల్లర. ముక్కలు పంచకముందే ఇద్దరు గెలిచేశారు. మిగతా వాళ్లు ఆ తరువాత నైపుణ్యం చూపించుకోవచ్చు.

ఇంతకీ ఈ "స్కిల్" అన్న మాట మన నోళ్లలోకి ఎక్కణ్నుంచి వచ్చింది? లాస్ వేగాస్ నుంచి అనుకుంటే పొరపాటు. సికింద్రాబాద్ నుంచి. 1963 మే నెలలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పడ్డారు. డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను నిజాం జమానా నాటి జూద చట్టం కింద పట్టుకుపోయారు. కేసు మెట్లెక్కుతూ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. రమ్మీ మూడు ముక్కలాట మాదిరి ఒట్టి అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నారు. దేశంలోని ప్రతి రమ్మీ కంపెనీ లాయరుకూ ఈ ముక్క కంఠతా వచ్చు. పోకర్ లాయర్లు కూడా, అందులో పోకర్ ప్రస్తావనే లేకపోయినా, అదే ముక్కను జోకరులా వాడుకున్నారు.

ఆ తీర్పులోనే ఇంకో ముక్క ఉంది. క్లబ్బు కుర్చీలకూ పేకలకూ ఏదో కొద్దిగా రుసుము తీసుకుంటే తప్పులేదు గానీ, పందెం పెట్టి ఆడించే ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే నేరం నిలబడవచ్చని జడ్జిగారు స్పష్టంగానే చెప్పారు. ఆడేవాడి నైపుణ్యం వేరు, ఆడించేవాడి ఆదాయం వేరు అన్నమాట. ఈ రెండో ముక్కను ఏ కంపెనీ ప్రకటనలోనూ నేను చూడలేదు. పనికొచ్చే ముక్క ఉంచుకుని పనికిరాని ముక్క పడేయడమే రమ్మీలో నైపుణ్యమని తీర్పే చెప్పింది కదా, ఆ తీర్పుతోనే రమ్మీ ఆడేశారు. ఈ విషయంలో వాళ్ల నైపుణ్యాన్ని శంకించే ధైర్యం నాకు లేదు.

తరువాత కోర్టుకో మాట. పోకర్ జూదమేనని 2017లో గుజరాత్ హైకోర్టు అంది. పోకర్, రమ్మీ నైపుణ్యపు ఆటలని 2024లో అలహాబాద్ హైకోర్టు అంది. ఒకే ఇస్పేటు ఆసు అహ్మదాబాద్‌లో అదృష్టం, అలహాబాద్‌లో ప్రావీణ్యం. రైల్లో పేకాడుకుంటూ వెళ్లేవాళ్లు ఏ స్టేషన్ దగ్గర తెలివైనవాళ్లు అవుతారో టికెట్ మీద అచ్చు వేస్తే బాగుండేది.

మన దగ్గర 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, 1974 నాటి గేమింగ్ చట్టంలో నైపుణ్యానికి ఉన్న మినహాయింపునే ఎత్తేసింది. డబ్బు పెట్టావా, తెలివి ఉన్నా లేకున్నా నేరమే. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది, 132 వెబ్‌సైట్లను ఆపమని అప్పటి ముఖ్యమంత్రి జగన్ కేంద్రానికి ఉత్తరం కూడా రాశారు. ఆ దెబ్బతో మీర్‌పేట్ నుంచి పెద్ద వలస మొదలైంది. ఎవరూ ఇల్లు కదల్లేదు. మనిషి జిల్లెలగూడ చౌరస్తాలో మిర్చిబజ్జీ తింటూ ఉండేవాడు, ఫోన్ మాత్రం బెంగళూరులో ఉండేది. దొంగ లొకేషన్ చూపించే యాప్ ఒకటి వేసుకుంటే సరి. ఆటలో మొట్టమొదటి బ్లఫ్ ఉపగ్రహానికే వేశారు మావాళ్లు, పాపం అది నమ్మింది. ఆ రోజుల్లో మా ప్రొఫెసర్ ఇంటి అద్దె మీర్‌పేట్‌లో బాకీ, నివాసం కోరమంగళ.

ఇక్కడ చిన్న అడ్డుమాట. మీర్‌పేట్ నుంచి బండేసుకుని కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా సుమారు పది కిలోమీటర్లు వెళితే మలక్‌పేట రేస్‌కోర్సు. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో అక్కడికి మారిన పందేలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. గుర్రప్పందెం నైపుణ్యపు ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, గుర్రానికి నైపుణ్యం ఉంది, జాకీకి ఉంది, గుర్రాన్ని మేపేవాడికి ఉంది. పందెం కాసేవాడి చేతిలో మాత్రం నలిగిన రేసు పుస్తకం ఉంది. రేస్‌కోర్సు ఆవరణలో కాసే పందేలను మన గేమింగ్ చట్టం పక్కన పెట్టింది. కాబట్టి మీర్‌పేట్ ఫ్లాటులో పేకతో అయిదు వేలు పోగొట్టుకుంటే మొహానికి రుమాలు కట్టుకుని పేపర్లో ఫొటో, మలక్‌పేటలో గుర్రంతో యాభై వేలు పోగొట్టుకుంటే క్రీడాభిమానం. నాలుగు కాళ్లుంటే చట్టం ముందు పరుగెత్తవచ్చని నాకు అర్థమైంది.

2025 మార్చిలో మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌ల ప్రచారం చేశారని పాతిక మంది సినిమావాళ్లు, సోషల్ మీడియావాళ్ల మీద కేసు పెట్టినప్పుడు కొందరి తరఫున వచ్చిన వివరణ కూడా ఇదే, మేం చెప్పింది స్కిల్ గేమ్ గురించే అని. తెర మీద నవ్వుతూ పిలిచింది వాళ్లు, నైపుణ్యం నిరూపించుకోవలసింది మా గల్లీవాడు. ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి ఈ చర్చకు నీళ్లొదిలింది. నైపుణ్యమో అదృష్టమో మాకనవసరం, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టించి ఆడిస్తే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ఆడినవాడికి శిక్ష లేదు. నిన్నటిదాకా దేశాన్ని మేధావులతో నింపుతున్నామన్న పెద్ద కంపెనీలు డబ్బు ఆటలకు షట్టర్లు దించాయి.

అప్పుడు మా ప్రొఫెసర్ మొహం చూడాలి. రిటైరైన సైంటిస్టులా ఉన్నాడు. వారం తిరక్కుండానే కోలుకున్నాడు. "మంచిదే అయింది సార్. ఇగ అసలైన సైకాలజీ షురూ" అన్నాడు. ఎక్కడో ఒక ఫ్లాటు మూడో అంతస్తులో, శనివారం రాత్రి, నిజం మనుషులు, నిజం మొహాలు.

నిజం మొహాలు చదివే విద్య గొప్పదే. కానీ మీర్‌పేట్‌లో అది వచ్చినవాళ్లు ఎవరూ పేక పట్టరు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద చీర బేరమాడే మా ఆవిణ్ణి చూడండి. నచ్చిన చీర వైపు పొరపాటున కూడా చూడదు. నచ్చని చీర మడత విప్పించి, ధర అడిగి, నిట్టూర్చి, నచ్చినదాన్ని "ఇదేంటి, రంగు దిగేలా ఉందే" అని పక్కకు నెడుతుంది. వాడు ఎనిమిది వందలంటే మూడు వందలంటుంది. వాడు నవ్వితే లేచి నడుస్తుంది. నాలుగో అడుగులో వెనక్కి పిలుపు వస్తుంది. రాకపోతే అయిదో అడుగు కూడా వేసేస్తుంది, అసలు విద్య అక్కడుంది. వాన్ న్యూమన్ లెక్క ప్రకారం పక్కాగా ఆడే ఈవిడ ఇరవై ఏళ్లలో పెద్దగా మోసపోయింది ఒక్కసారే. చెరువు పక్కన ప్లాటు. ఆ బ్రోకరు మొహం రాయి. చెరువే "షో" చెప్పేదాకా వాడి చేతిలో ఏమీ లేదని ఎవరికీ తెలియలేదు. 2020 అక్టోబరు వానల్లో చెప్పింది.

బొంకు, పంతం, మొహమాటం, పక్కవాడి గుండె ఎంతదో కనిపెట్టడం, ఇవన్నీ చూడాలనుకుంటే మాకు ఆనుకునే ఉన్న బాలాపూర్‌లో ఏటా వినాయక నిమజ్జనం రోజు లడ్డు వేలంపాట ఉంది. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డు 2025లో 35 లక్షలకు పోయింది. పాట పెంచేవాళ్ల కళ్లు చూస్తే ఏ వేగాస్ బల్లా పనికిరాదు. కానీ అక్కడ ఒక సుఖం ఉంది. ఓడినవాడి జేబులోంచి రూపాయి పోదు. గెలిచినవాడు ఒక్కడే కడతాడు, కట్టినందుకు లడ్డు తీసుకెళతాడు. పోకర్‌లో ఓడిన అయిదుగురూ కడతారు, గెలిచినవాడు కొంత తీసుకుంటాడు, లడ్డు ఆడించేవాడు తింటాడు.

ఈ మాటే చెబితే మా ప్రొఫెసర్ ధర్మరాజును అడ్డం పెట్టుకున్నాడు. "అంతటోడే ఆడిండు గద సార్!" ఆడాడు, ఒప్పుకున్నాను. కానీ భారతం ఛాయిస్‌లో వదిలేసినవాడికి తరువాతి కథ తెలియదు. శకుని దగ్గర రాజ్యం, తమ్ముళ్లు, తను, భార్య అన్నీ పోయాక, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లి ఓడి, అడవిలో కూర్చుంటే బృహదశ్వుడనే ముని వచ్చి నలుడి కథ చెప్పాడు. నలుడూ జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడే. అతనికి పాచికల మర్మం ఎవరు నేర్పారు? ఋతుపర్ణుడు. ఎలా? తాని చెట్టు కనబడితే దాని ఆకులెన్నో కాయలెన్నో కళ్లతోనే లెక్కపెట్టి చెప్పాడు. నలుడు రథం ఆపి, దిగి, లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. పాచికల విద్య అంటే అది, ఎదుటివాడి మొహం చూడటం కాదు, చెట్టు ఆకులు లెక్కపెట్టడం. నా పాఠమే! ఆ అక్షహృదయం బృహదశ్వుడు ధర్మరాజుకు నేర్పాడు. సంపూర్ణంగా విద్య వచ్చాక ధర్మరాజు ఏం చేశాడు? వెళ్లి శకునితో ఇంకో ఆట ఆడాడా? కంకుభట్టని పేరు మార్చుకుని విరాటరాజు కొలువులో ఉద్యోగంలో చేరాడు. పాచికలు వేసినా రాజుగారి వినోదానికి, తిండీ బట్టా రాజుగారివి.

"అంటే ధర్మరాజు జాబ్ చేసిండా సార్?" అన్నాడు మావాడు, నమ్మలేనట్టు.

"ఏడాది కాంట్రాక్టు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ ఆటలో దెబ్బ తిన్నవాడు లేవలేకపోవడానికి కారణం తెలివి తక్కువతనం కాదని నాకు తెలుసు. వంద రూపాయలు వచ్చిన సంతోషం కంటే వంద పోయిన దుఃఖం దాదాపు రెండింతలని మనస్తత్వవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979 నుంచి చెబుతూ వచ్చారు. ఆ దుఃఖం పూడ్చుకోవడానికే మనిషి ఇంకో వెయ్యి పెడతాడు. ఎప్పుడు గింజ పడుతుందో తెలియని మీట ముందు పావురం అలసిపోయేదాకా ముక్కు కొడుతూనే ఉంటుందని ఇంకో మనస్తత్వవేత్త స్కిన్నర్ అంతకుముందే చూపించాడు. మా ప్రొఫెసర్ చెప్పే డెబ్బై శాతం సైకాలజీ అబద్ధమేం కాదు. సైకాలజీ చదివింది ఆడించేవాడు, పాఠ్యపుస్తకం మావాడు. పోయినేడాది వాడి భార్య పుస్తెలతాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ తాకట్టు దుకాణానికి వెళ్లి ఏడు నెలలు ఉండి వచ్చింది. దాని గురించి హాస్యమాడటం నాకు చేతకాలేదు.

పోయిన గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ టీ ఇచ్చింది, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. వానల గురించి మాట్లాడాడు. మెట్రో ఇటువైపు ఎప్పుడొస్తుందో మాట్లాడాడు. నా మోకాళ్ల నొప్పి గురించి అడిగాడు, అప్పుడే అనుమానం వచ్చింది.

"సార్, ఒక అయిదు వేలు అడ్జస్ట్ అయితదా? పిల్లగాని స్కూల్ ఫీజుకు. సోమవారం పొద్దుగాల ఇచ్చేస్త."

వాడి మొహం చూశాను. సోమవారం అన్నప్పుడు ఎడమచెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. ఫీజు అన్నప్పుడు చూపు గోడ మీది క్యాలెండర్‌లో శనివారం మీదికి వెళ్లింది. లోపల గదిలోంచి మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది.

"డ్రాప్" అన్నాను.

పదమూడు ముక్కల రమ్మీలో మొదట్లోనే ఆట వదిలేస్తే పోయేది 20 పాయింట్లే. ఒక టీ, రెండు బిస్కెట్లు. వాడు కోపం తెచ్చుకోలేదు. కప్పు కింద పెట్టి, నా వంక మొదటిసారి గౌరవంగా చూశాడు. చెప్పులు తొడుక్కుంటూ గేటు దగ్గర ఆగాడు.

"సార్, మీరు మస్తు ఆడ్తరు. శనివారం ఒక చెయ్యి తక్కువున్నది, రాండ్రి."